మా జిల్లా దత్తత తీసుకున్న సంవత్సరం

ఊళ్ళని దత్తత తీసుకున్నవాళ్ళని చూశాం, చెరువుల్ని దత్తత తీసుకున్నవాళ్ళనీ చూశాం. సంవత్సరాల్ని దత్తత తీసుకోవడం మాత్రం మా రాష్ట్రంలోనే మొదలైంది. ఆ పథకం పేరు 'ఒక జిల్లా, ఒక సంవత్సరం'. వర్తమానంలో ఏ పని మొదలెట్టినా ఎవరో ఒకరు అడ్డం పడుతున్నారనీ, గడిచిపోయిన కాలంలో అయితే అడ్డుపడేవాళ్ళంతా ఎప్పుడో పోయారు కాబట్టి అభివృద్ధికి విశాలమైన అవకాశం ఉందనీ రాజధానిలో ఎవరో మేధావి నివేదిక ఇచ్చారట. అంతే, మధ్యయుగాల్లోంచి జిల్లాకో సంవత్సరం చొప్పున చీటీలు రాసి ఇత్తడి బిందెలో వేశారు.

పక్క జిల్లావాళ్ళ చెయ్యి మంచిది. వాళ్ళకి 1066 వచ్చింది. ఆకాశంలో తోకచుక్క, నేల మీద ఇంగ్లండు యుద్ధం, వడ్డించిన విస్తరిలాంటి సంవత్సరం. మాకు 1054 వచ్చింది. చీటీ తీసింది మా కలెక్టరుగారే కాబట్టి ఎవరినీ ఏమీ అనడానికి లేదు.

నేను కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుని. పేరు కూర్మారావు. అర్జీల సెక్షన్ నాదే. పని లేని సెక్షన్ ఇదొక్కటేనని 1054ని కూడా నాకే అప్పగించారు. అర్జీలు పరిష్కరించాలి కదండీ అని నేను గొణిగితే, వర్తమానం ఎక్కడికీ పోదు కూర్మారావ్, ముందు గతం సంగతి చూడు, అన్నారు కలెక్టరుగారు.

ఆ ఏడాది ఏం జరిగిందో తెలుసుకోడానికి రిటైర్డు చరిత్ర లెక్చరరు జోగారావు మాస్టారిని పిలిపించాం. ఆయన పాపం నిజాయితీపరుడు. చైనాలో జ్యోతిష్కులు కొత్త నక్షత్రాన్ని చూశారనీ, అది మూడు వారాలకు పైగా పట్టపగలే కనిపించిందనీ చెప్పారు. రోము, కాన్‌స్టాంటినోపుల్ క్రైస్తవ పెద్దలు ఒకరినొకరు వెలివేసుకున్నారన్నారు. కీవ్ రాజు రాజ్యాన్ని కొడుకులకి పంచి కన్నుమూశాడు, వియత్నాంలో కొత్త రాజు వచ్చి దేశం పేరు మార్చాడు, కొప్పం యుద్ధంలో చోళరాజు ఏనుగు మీదే ప్రాణం విడిచాడు, అని కూడా చెప్పారు. ఆ చివరిది మాత్రం రెండేళ్ళ ముందే జరిగిందని కొందరి వాదన అన్నారు.

కలెక్టరుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. 1052 ఇంకో జిల్లాది. చోళరాజు మన హద్దులో పోయాడా, వాళ్ళ హద్దులో పోయాడా తేలేదాకా రెండు జిల్లాల్లోనూ ఏనుగు బొమ్మ పెట్టకూడదని స్టే తెప్పించారు. అది ఇప్పటికీ అలాగే ఉంది.

ప్రతి నెలా రాజధాని నుంచి వీడియోలో సమీక్ష ఉండేది. ఎన్ని సంఘటనలు పూర్తయ్యాయి, ఎన్ని పురోగతిలో ఉన్నాయి, ఎన్ని పెండింగ్ అని అడిగేవారు. వియత్నాం పేరు మార్పు పూర్తి అన్నాం, శభాష్ అన్నారు. కీవ్ రాజ్యం పంపకాలని రెవెన్యూకి పంపితే, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతపరచలేదని తాసిల్దారు తిప్పి కొట్టాడు. చర్చిల తగువైతే వెయ్యేళ్ళుగా పెండింగ్‌లో ఉంది. ఇంత జాప్యం క్షమార్హం కాదని మా మీద మండిపడ్డారు. దాంతో ఆర్డీవోగారు పట్నంలో ఉన్న ఇద్దరు పాస్టర్లని పిలిపించి రాజీ కుదిర్చారు. వాళ్ళిద్దరూ బావాబావమరుదులు, ఏనాడూ మాటా మాటా అనుకున్నవాళ్ళు కాదు. రాజీపత్రం మీద ముందు ఎవరు సంతకం చెయ్యాలన్న దగ్గర మాత్రం కాస్త తేడా వచ్చి, ఆరోజు నుంచీ పలకరింపులు లేవు.

అన్నిటికంటే పరువు తీసేది సమీక్ష పట్టికలో ఆఖరి గడి. 'స్థానిక విశేషాలు', అంటే ఆ ఏడాది మన జిల్లా గడ్డ మీద జరిగినవి. మాకు అక్కడ సున్నా. జోగారావు మాస్టారు ఉన్న శాసనాలన్నీ వెతికి, ఆ ఏడాది ఇక్కడ ఏం జరిగిందో చెప్పే ఆధారం ఒక్కటీ లేదన్నారు. ఏదో ఒకటి జరిగే ఉంటుంది కదండీ, ఎవరైనా పెళ్ళాన్ని తిట్టే ఉంటాడు కదండీ, అని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రినాథరావుగారు బతిమాలారు. తిట్టే ఉంటాడు, కానీ రాయి మీద చెక్కించలేదు, అన్నారు మాస్టారు. ఆ నెల నుంచి ఆయన గౌరవ వేతనం ఆపేశారు.

ఇదంతా జరుగుతుండగానే ప్రతి సోమవారం పొట్టివలస సన్యాసమ్మ నా బల్ల ముందుకొచ్చి నిలబడేది. పొట్టివలసకీ రోడ్డుకీ మధ్య నల్లగెడ్డ అనే కొండవాగు. ఎండాకాలం పిల్లకాలువలా ఉంటుంది, వానలు పడితే మనిషిని మింగేస్తుంది. ఆసుపత్రీ, బడీ, రేషన్ కొట్టూ అన్నీ గెడ్డకి ఇవతలే. సన్యాసమ్మ కోడలు దమయంతికి అప్పుడు మూడో నెల. భాద్రపదంలో పురుడు. ముందటి కాన్పు కూడా భాద్రపదంలోనే వచ్చింది, గెడ్డ దాటలేక గట్టు మీదే బిడ్డ పోయింది. ఈసారి వానలకి ముందే ఒక వంతెన వెయ్యమని ఆమె అర్జీ. అర్జీ అంటే కాయితం కాదు, నోటితోనే చెప్పేది. కాయితం ఇస్తే మీరు దాస్సుకుంటారు, నానైతే మళ్ళీ ఒస్తాను, అనేది.

వంతెన ఎలా వస్తుంది? ఆ ఏడాది జిల్లా నిధులన్నీ 1054కే మళ్ళించేశారు. నిబంధన ఏమిటంటే ఆ సంవత్సరంలో ఉన్నవాటి మీదే ఖర్చు పెట్టాలి. లేనివాటి మీద పైసా పెట్టకూడదు. ఈ సంగతి నేను సన్యాసమ్మకి నెమ్మదిగా విడమరిచి చెప్పాను. ఆమె అంతా విని, "అప్పుడు గెడ్డ ఉండేది కదా బాబూ?" అంది. ఉండేదన్నాను. "మరి దాని మీద కరుసు పెట్టండి," అంది. నేను టీ తాగడానికి లేచిపోయాను.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి ఆదేశం వచ్చింది. ప్రతి జిల్లా తన సంవత్సరంలోంచి ఒక సంఘటనని మంత్రిగారి సమక్షంలో ప్రత్యక్షంగా జరిపి చూపించాలి. కలెక్టరుగారు వెనకా ముందూ చూడకుండా పట్టపగటి నక్షత్రాన్ని ఎంచుకున్నారు. మంచి ఎంపికే అనుకున్నాను. జనానికి పగలే చుక్కలు చూపించడం మా ఆఫీసుకి కొత్తేమీ కాదు.

కొండ మీద పెద్ద స్తంభం నాటి, సినిమావాళ్ళు వాడే దీపాలన్నీ గుత్తిగా కట్టి, మధ్యాహ్నం వెలిగించాలని నిర్ణయం. ఎత్తైన కొండ ఒక్కటే ఉంది. అది పొట్టివలస వెనకాల, గెడ్డకి అవతల ఉంది. స్తంభం ఎత్తాలంటే క్రేను వెళ్ళాలి. క్రేను వెళ్ళాలంటే వంతెన ఉండాలి.

"దీనికి మార్గం ఉంది సార్," అన్నారు ఇంజనీరు త్రినాథరావుగారు. ఈయన ఉద్యోగంలో చేరాక కట్టినవాటి కన్నా మరమ్మతు చేసినవే ఎక్కువ. వాటిలో కొన్ని నిజంగానే ఉన్నాయి కూడా. కొత్త వంతెనకి నిధులు రావు గనక, నల్లగెడ్డ మీద 1054 నాటి పురాతన వంతెన శిథిలావస్థలో ఉన్నట్టుగా, దాన్ని పునరుద్ధరించడం అత్యవసరమైనట్టుగా ఆయన ప్రతిపాదన తయారు చేశారు. శిథిలాలు ఎక్కడున్నాయని కలెక్టరుగారు అడిగారు. అంతగా శిథిలమైందండీ, ఏమీ మిగల్లేదు, అన్నారు ఇంజనీరుగారు.

ఎప్పుడూ మూడేళ్ళు పట్టే వంతెన ఎండాకాలం పూర్తికాకుండానే లేచింది. పొట్టివలస ఊరు ఊరంతా కూలికెళ్ళింది. సన్యాసమ్మ సిమెంటు గమేళాలు మోసింది. దమయంతి నెలల కడుపుతోనే గట్టు మీద కూర్చుని ఎన్ని స్తంభాలు లేచాయో చూసుకునేది. చివర్లో గోడలకి పసుపూ మసీ కలిపి పూసి, అక్కడక్కడా ఉలితో పగలగొట్టి పాతదనం తెప్పించారు. ఆ పని నాకు కూడా నచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మంత్రిగారు వచ్చారు, వంతెన మీదుగానే వచ్చారు. నడినెత్తిన ఎండ మండుతుండగా మీట నొక్కారు. దీపాలు వెలిగాయట. ఆ ఎండలో ఏది దీపమో ఏది ఆకాశమో నాకైతే తెలియలేదు. అందరం కళ్ళు చికిలించి పైకి చూస్తూ ఉండిపోయాం. కాసేపటికి మంత్రిగారు, ఆహా, కనిపిస్తోంది, అన్నారు. ఆయనకి కనిపించింది కాబట్టి మా అందరికీ కనిపించింది. కలెక్టరుగారికైతే ఆయన కన్నా స్పష్టంగా కనిపించింది. ఊళ్ళో ఒక ముసలాయన మాత్రం కనపడలేదన్నాడు. అతనికి కంటి ఆపరేషన్ చేయించమని అక్కడికక్కడే ఉత్తర్వులిచ్చారు.

సన్యాసమ్మ ఆరోజు నాకు అరటిపళ్ళు తెచ్చి ఇచ్చింది. వద్దంటున్నా జేబులో కుక్కింది. ఇంక నా కోడలికి దిగులు లేదు బాబూ, అని కళ్ళు తుడుచుకుంది.

అరటిపళ్ళు అరగకముందే ప్రాచీన కట్టడాల సంరక్షణ విభాగం దిగింది. మా నివేదిక వాళ్ళు చదివారు. నల్లగెడ్డ మీద వెయ్యేళ్ళ నాటి వంతెన చెక్కుచెదరకుండా ఉందని తెలిసి ఉప్పొంగిపోయారు. రెండు వైపులా ఇనప కంచె, తాళం వేసిన గేటు, నీలం రంగు బోర్డు, ఒక కాపలాదారు. వంతెన మీద నడవడం, ఆనుకోవడం, కూర్చోవడం నిషేధం. అతిక్రమించినవారు శిక్షార్హులు.

సోమవారం సన్యాసమ్మ వచ్చింది.

"ఒంతెనుంది కదేటి బాబూ. ఎక్కనివ్వరేటి?"

వెయ్యేళ్ళ నాటి కట్టడమమ్మా, మనుషుల బరువు ఆగదు, అన్నాను. మొన్న క్రేను ఎక్కింది కదా అంది. అది పునరుద్ధరణలో భాగం అన్నాను. నానే కదేటి సిమెంటు మోసింది, అంది. ఆ మాట ఇంకెక్కడా అనకు, చరిత్రని వక్రీకరించినట్టవుతుంది, అని హెచ్చరించాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, జేబు వంక కూడా చూసింది. అరటిపళ్ళు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

పోనీ అది మేమే కట్టామని ఒప్పుకుందామండీ అని కలెక్టరుగారితో అని చూశాను. ఒప్పుకుంటే 1054 నిధులతో ఈ ఏడాది వంతెన కట్టినట్టవుతుంది, ఇద్దరం ఇంటికెళ్తాం, అన్నారు. ఇంజనీరుగారు ముగ్గురం అని సవరించారు.

భాద్రపదం వచ్చింది. మూడు రోజుల ముసురు తర్వాత గెడ్డ ఒడ్డులొరుసుకుని పారుతోంది. ఒక రోజు పొద్దున్న నేను ఆఫీసుకొచ్చి కూర్చున్నానో లేదో కాపలాదారు ఫోను చేశాడు. పొట్టివలసవాళ్ళు డోలీలో ఒక నెలలు నిండిన మనిషిని తెచ్చి గేటు ముందు దించారనీ, నొప్పులు పడుతోందనీ, అంబులెన్సు ఇవతలి గట్టున నిలబడి ఉందనీ, తాళం తియ్యాలా వద్దా అనీ అడిగాడు. నేను కలెక్టరుగారి గదికి పరిగెత్తాను. వచ్చే ఏడాదికి 1055 కార్యాచరణ మీద సమావేశం జరుగుతోంది. తలుపు దగ్గర నించుని విషయం చెప్పాను. సంరక్షణ విభాగాన్ని సంప్రదించి, వారి అభిప్రాయం తెప్పించుకుని, ఫైలు పెట్టమన్నారు.

నేను తిరిగి ఫోను అందుకునేసరికి అవతల కాపలాదారు కాదు, సన్యాసమ్మ ఉంది. ఆమె గొంతులో కోపం లేదు.

"బాబూ, తాళం నానే ఇరగ్గొట్టినాను. జైల్లో ఎయ్యాలంటే రేపెయ్యండి, ఇయ్యాల నాకు పనుంది."

అంబులెన్సు దాకా చేరలేదు. వంతెన సగానికి వచ్చేసరికి దమయంతి ఇంక నా వల్ల కాదంది. అక్కడే చీరలు అడ్డం పట్టారు. అంబులెన్సు ఉన్న గట్టు నుంచి నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. కింద గెడ్డ హోరున పారుతుంటే పైన ఆడపిల్ల పుట్టి, గెడ్డని మించి ఏడ్చింది. తల్లీ పిల్లా క్షేమం. ఆ మాట ఫోనులో విన్నాక నేను ఎవరూ చూడకుండా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

కలెక్టరుగారు విని మండిపడతారనుకున్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. ఎక్కడ పుట్టింది అన్నారు. వంతెన మీదండీ అన్నాను. ఏ వంతెన అన్నారు. 1054 నాటి వంతెనండీ అన్నాను. ఆయన లేచి నాతో కరచాలనం చేశారు. పథకం కంప్యూటరులో ఆ కట్టడం హద్దుల్లో ఏం జరిగినా 1054 కిందే నమోదవుతుంది మరి. స్థానిక విశేషాల గడిలో సున్నా పోయి ఒకటి వచ్చింది. రాష్ట్రంలో మా స్థానం అట్టడుగు నుంచి పైకి ఎగబాకింది. పక్క జిల్లావాళ్ళు, తోకచుక్క ఉండి కూడా, కుళ్ళుకున్నారు. తాళం పగలగొట్టిన కేసు ఆ సంతోషంలో కొట్టుకుపోయింది.

జనన ధ్రువపత్రం కూడా అదే కంప్యూటరులోంచి వచ్చింది. పుట్టిన సంవత్సరం 1054. దాంతో అంగన్‌వాడీలో పేరు ఎక్కలేదు. అయిదేళ్ళు దాటినవారికి పాలూ గుడ్లూ ఇవ్వరు కదా. సన్యాసమ్మ పిల్లని చంకనేసుకుని సోమవారం నా ముందు నిలబడింది. మార్చడం నా చేతుల్లో లేదమ్మా, మారిస్తే జిల్లా స్థానం పడిపోతుంది, అన్నాను. పాల సంగతి ఎలాగోలా చూస్తాను, ఆ వంతెన జోలికి మాత్రం మళ్ళీ వెళ్ళకు, ఈసారి కేసు తప్పదు, అని చెప్పి, భయం పెట్టడానికి సంరక్షణ నిబంధనలు పైకి చదివి వినిపించాను. నడవరాదు, ఆనుకొనరాదు, అంటూ ఒక్కొక్కటీ చదువుతూ పదకొండోదానికి వచ్చాను. 'అయితే కట్టడమునకు సమకాలికులైన వ్యక్తులకును, నడవలేని సమకాలికులను మోసికొని వచ్చు సహాయకులకును, పూర్వాచారము ప్రకారము గల దారి హక్కు యథాతథముగా కొనసాగును.'

ఆమె ఆపమంది. సమకాలికులంటే ఎవరంది. ఆ ఏడాదివాళ్ళు, ఇప్పుడెవరూ బతికి లేరులే, అన్నాను.

"ఇదుంది కదేటి," అంది పిల్లని చూపించి. "మీరే కదా కాయితం ఇచ్చినారు. దీనికి నడక రాదు. నానెత్తుకుంటాను."

ఫైలు రాజధాని దాకా వెళ్ళింది. వాళ్ళు ఎటు తిప్పి చూసినా, ఆ పిల్ల 1054 మనిషి కాదంటే మా జిల్లా విశేషం పోతుంది, విశేషం పోతే మంత్రిగారు మాకిచ్చిన జ్ఞాపిక వెనక్కి తీసుకోవాలి. చివరికి అనుమతి వచ్చింది. పిల్లని ఎత్తుకున్నవాళ్ళని వదలాలి, ఎత్తుకోనివాళ్ళని ఆపాలి. ఆరోజు నుంచీ పొట్టివలసలో ఎవరికి గెడ్డ దాటే పనున్నా ముందు పిల్ల ఎవరి చంకలో ఉందో అడగడం అలవాటైంది. బడిపిల్లలు వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు అందుకునేవారు. ఒకసారి ఎత్తుకుంటే గుంపుగా అయిదుగురిని వదులుతానని కాపలాదారు కూడా మెత్తబడ్డాడు. దాని అసలు పేరు ఏదో పెట్టారు గాని, ఊరంతా 'ఒంతెన గుంట', అంటే వంతెన పిల్ల, అనే పిలిచేవారు.

ఏడాది తిరిగేలోపు నేను తనిఖీకి వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడూ వానాకాలమే, కాకపోతే రెండు రోజులుగా తెరిపిచ్చి గెడ్డ కాస్త తగ్గింది. గేటు దగ్గర కాపలాదారు నాకు సెల్యూట్ కొట్టి, గుంట అవతలుంది సార్, కాసేపాగండి, అన్నాడు. నేను సూపరింటెండెంటునయ్యా అన్నాను. తెలుసు సార్, అయినా ఈ ఏడాదోళ్ళే కదా, అన్నాడు. ఆగాను. పాలాయన పిల్లని ఎత్తుకుని వచ్చాడు. వెనకే సన్యాసమ్మ కూడా వచ్చి పిల్లని నా చేతుల్లో పెట్టింది. జాగర్త బాబూ, మీ అందరికీ పెద్దది, అంది. వంతెన మధ్యకి వెళ్ళేసరికి ఆ పెద్దావిడ నా ఇస్త్రీ చొక్కా తడిపేసింది.

అవతలి గేటు పక్కన రాతి మీద ఒక అమ్మాయి నిండు నెలలతో కూర్చుని ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళలేదేం అని అడిగాను. సన్యాసమ్మ పిల్లని నా దగ్గర్నించి అందుకుని నేల మీద నిలబెట్టింది. పిల్ల ఊగుతూ ఒక అడుగు వేసి చతికిలబడింది.

"నడక ఒచ్చేస్తంది బాబూ. నడిసిందంటే మోసేవోళ్ళకి దారి ఉండదు కదా. ఊరంతా కూకుని తీర్మానం సేసినాం. ఈ అమ్మాయి పురుడు కూడా ఒంతెన మీదే. ఆ తరవాత ఇంకో కోడలుంది." ఆమె కొంగుతో పిల్ల ముక్కు తుడిచింది. "ఆసుపత్రికెళ్ళడానికి ఒంతెన అడిగినాం. మీరు ఒంతెన్నే ఆసుపత్రి సేసి ఇచ్చినారు."

ఆమె వెక్కిరింపుగా కూడా అనలేదు. చొక్కా తుడుచుకుంటూ కొండ వైపు చూశాను. నక్షత్రం స్తంభం ఒక పక్కకి వాలిపోయి ఉంది.

ఈలోగా ఎవరో కుర్రది పిల్లని చంకనేసుకుని, నలుగురిని వెంటపెట్టుకుని రేషన్ కొట్టుకి బయల్దేరిపోయింది. గేటు పడింది. నాకు నాలుగు గంటలకి సమీక్ష. స్థానిక విశేషాల్లో వచ్చే ఏడాది వృద్ధి ఎంత ఉంటుందో కలెక్టరుగారికి చెప్పాలి. గుంట మళ్ళీ ఎప్పుడొస్తుందని, మా వెనకే వంతెన దాటి వచ్చిన కాపలాదారుని అడిగాను. బడి వదిలాక పిల్లల్తో ఒస్తాది సార్, అన్నాడు. కాస్త గేటు తియ్యవయ్యా అన్నాను. అతను నా వైపు జాలిగా చూసి, బోర్డు చూపించాడు. పిల్లని ఎత్తుకోనివాళ్ళని ఆపాలని దాని మీద కొత్తగా చేర్చిన వాక్యం నేను రాసి పంపిన కాయితంలోంచి ఎక్కించిందే.

బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, పంట్లాం పైకి మడిచి గట్టు దిగాను. నీళ్ళు చల్లగా నడుము దాకా వచ్చాయి.

"ఆ ఎడమపక్క రాయి మీద కాలెయ్యండి బాబూ," పైనుంచి సన్యాసమ్మ కేకేసింది. "అక్కడైతే జారదు. మేం ఎప్పుడూ అలాగే ఒచ్చేవోళ్ళం."